సొంతూరంటే... ఓ క్వార్టర్ నంబరు!

గడియారం చూడ్డం రాకముందే బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు టైము తెలిసిపోయేది. నాన్నది మొదటి షిఫ్టయితే ఇల్లంతా చీకట్లోనే లేవాలి. రాత్రి షిఫ్టయితే పగలు ఆయన నిద్రపోతాడు కాబట్టి గోలీలాటైనా గొడవైనా నాలుగిళ్ల అవతలే! కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని... సింగరేణి కాలనీ ఏదైనా అదే తీరు.

ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గు జాడ దొరికింది. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి నుంచో పనికోసం వచ్చినవాళ్లు ఇరుగూపొరుగూ అయ్యారు. పండగొస్తే వంటల గిన్నెలు గోడలు దాటేవి. వరసలు కలవని ఇళ్లలోనూ బాబాయిలూ పిన్నులే!

షిఫ్టు దిగే వేళకు మాత్రం పిల్లల చూపు దారిమీదే. నాన్న రావడం కాస్త ఆలస్యమైతే అమ్మ గడప దాటి వచ్చి నిలబడేది. ఎందుకో ఎవరూ చెప్పేవారు కాదు. అయినా పిల్లలకు అర్థమయ్యేది. మలుపులో నాన్న కనిపించాకే ఆట మళ్లీ ఊపందుకునేది.

ఇంతా చేస్తే ఆ ఇల్లు కంపెనీది. నాన్న రిటైరైతే తాళంచెవి అప్పగించాల్సిందే. పెరట్లో అమ్మ పెంచిన కరివేపాకు చెట్టు, ఎవరెంత పొడుగయ్యారో గోడమీద గీసుకున్న గీతలు... అన్నీ అక్కడే వదిలి రావాలి. అందుకే 'మీ సొంతూరేది?' అంటే వాళ్లు ఒక్క క్షణం తడబడతారు. తాతల ఊరు పేరుకే తెలుసు. తెలిసిన ఊళ్లో ఇల్లు లేదు. క్వార్టర్ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు!