హిమగిరి యాత్రకు జమాఖర్చు

దూరపు కొండలు నునుపు అన్న సామెత కొండలకే కాదు, కొండయాత్రల ఖర్చులకు కూడ వర్తించును. ఇంటివద్ద కూర్చుండి కాగితముమీద వేసిన లెక్క ఎప్పుడును నున్నగనే ఉండును. రైలుకు ఇంత, విమానమునకు ఇంత, తిండికి ఇంత, బసకు ఇంత అని వ్రాసి, క్రింద గీత గీసి మొత్తము వేసినచో యాత్ర సగము ముగిసినట్లే తోచును. కాని కొండ దగ్గరపడిన కొలది ఆ లెక్కలోని గతుకులు ఒక్కొక్కటిగా బయటపడును. కాగితముమీద చోటు దొరకని పద్దులు రెండుమూడు కొండమీద ఎదురై నిలిచి తమ బాకీ అడుగును. ఆ బాకీ ధనముతో తీరినంతవరకు బాధ లేదు. ప్రాణముతో తీర్చవలసి వచ్చినప్పుడే చిక్కు.

యాత్రలో లెక్క చూచుకొనుట తెలుగువారికి క్రొత్త కాదు. 1830 మే నెలలో సుమారు 100 మంది పరివారముతో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవారికి మజిలీల దూరములు, అక్కడ దొరకు వస్తువులు, దారుల మంచిచెడ్డలు కండ్లకు కట్టును. అంతమందిని వెంటబెట్టుకొని నడచువానికి రేపటి మజిలీలో బియ్యము దొరకునా, నీరు దొరకునా అన్నదే మొదటి విచారము గదా! నేటి యాత్రికుడు ఆ విచారమును ఒక కంపెనీకి అప్పగించి, సొమ్ము ఏకమొత్తముగా చెల్లించి, చేతులు దులుపుకొనుచున్నాడు. విచారము తప్పినది గాని, విచారింపవలసిన విషయములు తప్పలేదు.

ఇందుకు ఎవరెస్టు పాదపీఠమువరకు సాగు నడకయాత్రను దృష్టాంతముగా గైకొనవచ్చును. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీలు శిఖరము నెక్కిన నాటి యాత్రలో 300 మందికి పైగా మోతగాండ్రు సామాను మోసిరి. 1964లో హిల్లరీ పూనికతో లుక్లాలో విమానములు దిగు స్థలము ఏర్పడెను. ఆ యేటనే జిమ్మీ రాబర్ట్స్ అను విశ్రాంత సైనికోద్యోగి నేపాలులోని మొట్టమొదటి పర్వతయాత్రా సంస్థను ఖాట్మండులో స్థాపించెను. శిఖరమెక్కు శక్తి లేనివారికిని దాని పాదములు దర్శించు వీలు అట్లు కలిగెను. 2014 మే 25న గురుకుల పాఠశాలల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ టిబెట్టు వైపునుండి ఎవరెస్టు నెక్కిన పిమ్మట ఆ కొండ తెలుగువారికి మరింత దగ్గరయ్యెను.

ఈ యాత్రలో కొన్ని పద్దులు అచ్చువేసిన ధరలు. భారతీయులకు నేపాలు ప్రవేశమునకు వీసా అక్కరలేదు. 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలన్న మారకము 1993నుండి స్థిరముగ నున్నది. సగరమాథా జాతీయవనమున ప్రవేశించుటకు 2024 నాటి రుసుము సార్కు దేశీయులకు 1,500 నేపాలీ రూపాయలు, ఇతర విదేశీయులకు 3,000. దానిపై 13 శాతము పన్ను. విమానపు టిక్కెట్టును ఇట్టిదే. కాని రద్దీ నెలలలో లుక్లా విమానములు తరచు ఖాట్మండునుండి గాక, రామేఛాప్ జిల్లాలోని మంథలీనుండి బయలుదేరును. అక్కడికి కారులో నాలుగైదు గంటల ప్రయాణము. ఆ కారు బాడుగ ఎవరి ఖాతాలోనిదో ముందే అడిగి తెలిసికొనవలెను. నామ్చే పైన మోటారు బాట లేదు. బియ్యపు బస్తాయైనను, గుడ్ల పెట్టెయైనను చాలవరకు మనిషి వీపుమీదనో జడలబర్రె వీపుమీదనో ఎక్కవలసినదే. కావున ఎత్తు పెరిగినకొలది భోజనపు వెలయు పెరుగును. స్నానమునకు వేడినీరు, సెల్‌ఫోను ఛార్జి చేసికొనుట, వీనికి వెల వేరు.

వనపు రుసుము అందరికి నొకటే. విమానము ఒకటే. పూటకూటి ఇంట అన్నము వెల ఇంచుమించు ఒకటే. ఐనను ఒక కంపెనీ చెప్పు ధరకును మరియొక కంపెనీ చెప్పు ధరకును మిక్కిలి వ్యత్యాసము కనబడుచుండును. ఆ తగ్గింపు ఎక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్న వేయువారు అరుదు. తగ్గింపునకు మిగిలిన చోట్లు ముఖ్యముగా రెండే: ఒకటి దినములు, రెండవది మనుష్యులు.

మొదట దినముల మాట. లుక్లా 2,860 మీటర్ల ఎత్తున నున్నది. ఎవరెస్టు పాదపీఠము 5,364 మీటర్ల ఎత్తున. సముద్రతీరమున ఊపిరికి దొరకు ప్రాణవాయువులో అక్కడ దొరకునది సుమారు సగమే. 3,000 మీటర్లు దాటిన పిదప నిద్రించు చోటు దినమునకు 500 మీటర్లకు మించి పెరుగరాదనియు, మూడునాలుగు దినముల కొకసారి అదే ఎత్తున ఒకదినము ఆగవలెననియు వైద్యుల హితవు. కావుననే లుక్లానుండి పోయివచ్చుటకు సుమారు 12 దినములు పట్టును. అందులో 3,440 మీటర్ల ఎత్తునున్న నామ్చేలో ఒకనాడు, 4,410 మీటర్ల ఎత్తునున్న డింగ్‌బోచేలో ఒకనాడు ఆగుట వాడుక. ఈ రెండు దినములను కొట్టివేసినచో రెండునాళ్ల కూలి, బస, భోజనము మిగులును, ధర చవకయగును. చూచువారికి అవి పనిలేని దినములు; యాత్రికుని రక్తమునకు మాత్రము అవి పనిదినములు. త్వరపడి ఎక్కినవానికి మొదట తలనొప్పి, వాంతులు. అప్పటికిని ఆగనిచో ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయము. అప్పుడు ముఖ్యమైన చికిత్స క్రిందికి దిగుటయే. రెండు దినముల బత్తెము మిగుల్చుకొనబోయి యాత్ర మొత్తమును పోగొట్టుకొనుట లాభసాటి బేరము కాదు.

ఇక మనుష్యుల మాట. డోకో అను వెదురుబుట్టను నుదుటిపట్టెతో వీపున మోయు మోతగాడు లేనిచో ఈ యాత్ర లేదు. సాధారణముగా ఇద్దరు యాత్రికులకు ఒక మోతగాడు. అతని బరువు 30 కిలోలకు మించరాదని మోతగాండ్ర సంక్షేమము కోరువారి నియమము. యాత్రికుడొక్కనికి 10 కిలోల సామానైనచో, మోతగాని సొంత మూటతో కలిపినను బరువు హద్దులో నుండును. ముగ్గురి సామాను ఒకని వీపున వేసినచో ధర తగ్గును. బీమా లేనిచో ఇంకను తగ్గును. చలికోటు, గట్టి బూట్లు ఈయనిచో మరికొంత తగ్గును. ఉరిమి ఉరిమి మంగలము మీద పడినట్లు, పట్టణములో యాత్రికుడాడిన బేరము కొండమీద మోతగాని మీద పడును. కొండవాడు గదా, అతనికి ఎత్తు బాధింపదని కొందరి భ్రమ. మోతగాండ్రలో అనేకులు క్రింది లోయల గ్రామములనుండి కూలికి వచ్చువారే. వారి ఊపిరియు యాత్రికుని ఊపిరివంటిదే. 1997లో నేపాలులో ఎత్తు జబ్బుతో పడిపోయిన ఒక యువకుడైన మోతగానికి కూలి లెక్క తీర్చి ఒంటరిగా క్రిందికి పంపివేసిరి, అతడు మరణించెను. మోతగాండ్ర రక్షణకై ఆ యేట అంతర్జాతీయ సంఘమొకటి వెలయుటకు ఆ మరణమే కారణము.

2014వ సంవత్సరము ఈ లెక్కను లోకమునకు మరల గుర్తుచేసెను. ఏప్రిల్ 18న ఖుంబు హిమపాతమున మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ పనివారు మడిసిరి. ఒక్కొక్క కుటుంబమునకు తక్షణ సాయముగా ప్రభుత్వము ప్రకటించినది 40,000 నేపాలీ రూపాయలు. అనగా 25,000 భారత రూపాయలు. షెర్పాలు పని మాని నిరసన తెలిపిరి. పర్వతారోహణమున పనిచేయువారి కనీస బీమా 10 లక్షల నేపాలీ రూపాయలనుండి 15 లక్షలకు పెరిగినది ఆ పిమ్మటనే. అదే అక్టోబరులో అన్నపూర్ణ మార్గమున, 5,416 మీటర్ల ఎత్తునున్న థోరంగ్ కనుమ పరిసరములలో, మంచు తుఫానునకు 40 మందికి పైగా బలియైరి. వారు శిఖరమెక్కబోయిన వీరులు కారు. అందులో నడకకు వచ్చిన సామాన్య యాత్రికులు, వారి మార్గదర్శులు, మోతగాండ్రు గలరు.

కావున కొండయాత్రకు అంచనా వేయువాడు సాధారణపు వరుసను తలక్రిందు చేయవలెను. మొదటి పద్దు మార్గదర్శి, మోతగాండ్ర కూలి, బీమా, బట్టలు. రెండవది విశ్రాంతి దినములు. వానితోపాటు మబ్బు క్రమ్మి లుక్లా విమానము నిలిచిపోయినచో గడుపుటకు రెండుమూడు అదనపు దినములు. మూడవది యాత్రికుని సొంత బీమా. అది 6,000 మీటర్ల ఎత్తువరకు చెల్లునదియు, హెలికాప్టరులో దించు ఖర్చు భరించునదియు కావలెను. బీమా కంపెనీ టెలిఫోను నంబరు జేబులోనే ఉండవలెను. అక్కరలేని హెలికాప్టర్లు పిలిపించి బీమా సొమ్ము కాజేసిన మోసములు 2018లో నేపాలులో బయటపడినవి. నాలుగవది చేతిలో నేపాలీ నగదు. నామ్చే దాటిన పిదప బ్యాంకు యంత్రములమీద ఆశ పెట్టుకొనరాదు. ఇవి నాలుగును కుదిరిన పిమ్మట మిగిలిన దానితోనే సొంత సుఖములు.

పొదుపునకు దారులు లేకపోలేదు. దూదిపింజవంటి చలికోటు, నిద్రసంచి కొననక్కరలేదు. ఖాట్మండులోని థమేల్ అంగళ్లలో అద్దెకు దొరకును. దారిపొడవునను పప్పు, అన్నము దొరకును. రెండవమారు వడ్డనకు సాధారణముగా వెల ఉండదు. తెలుగువానికి ఇది కష్టమైన నియమము కాదు. సీసానీరు మాని, నీటిని శుద్ధిచేయు బిళ్లలు వాడుకొనవచ్చును. ఇంతచేసినను సొమ్ము చాలనిచో కొండనే మార్చుకొనవచ్చును. 4,130 మీటర్ల ఎత్తునున్న అన్నపూర్ణ పాదపీఠమునకు పోవుటకు లుక్లా విమానము అక్కరలేదు. పోఖరా దారిన పోవచ్చును. పెద్ద కొండను కొరతపడిన లెక్కతో ఎక్కుటకంటె చిన్న కొండను నిండు లెక్కతో ఎక్కుట మేలు.

తిరుగు ప్రయాణమున లుక్లాలో చివరి సాయంకాలము మార్గదర్శికి, మోతగాండ్రకు బహుమానము లిచ్చుట ఆచారము. అప్పటికి జేబులు ఖాళీయై, మనస్సు ఇంటిమీదికి మరలియుండును. పండ్రెండు దినములు తన మూట మోసినవాని ఎదుట నిలిచి చిల్లర వెదకుకొనుట యాత్రికునకు శోభ కాదు. ఆ సొమ్మును ఇంటివద్దనే లెక్కలో వ్రాసికొని, వేరు కవరులో నుంచుకొని, దారిలో ముట్టక పోవలెను.