ఓడ కెప్టెన్ వయస్సెంత?

ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఆ ఓడ కెప్టెన్ వయస్సెంత?

నవ్వొచ్చింది కదూ! గొర్రెలకూ కెప్టెన్ వయస్సుకూ సంబంధమేమిటి? కాని 1980 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలోని గ్రెనోబుల్ నగరంలో, గణిత బోధనను పరిశోధించే సంస్థవారు ఈ లెక్కనే ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఇచ్చి చూశారు. 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే లెక్కకట్టి వయస్సు చెప్పేశారు! 26కు 10 కలిపితే 36. కెప్టెన్‌కు తగిన వయస్సే మరి.

వాళ్ళు తెలివితక్కువవాళ్ళని అనుకోకండి. కుర్ట్ రాయిసర్ అనే స్విట్జర్లాండ్ పరిశోధకుడు 1986లో ఇటువంటి సంగతే మరొకటి తెలియజేశాడు. కాపరి దగ్గర 125 గొర్రెలు, 5 కుక్కలు ఉన్నాయి, కాపరి వయస్సెంత? ఒక పిల్లవాడు ఇలా ఆలోచించాడు: కూడితే 130, మరీ ఎక్కువ. తీసివేస్తే 120, అదీ ఎక్కువే. భాగిస్తే 25. ఆఁ, ఇది బాగుంది!

చూశారా, మనుషుల వయస్సు ఎంత ఉంటుందో వాడికి బాగా తెలుసు. లెక్కను మాత్రం అనుమానించలేదు. బడిలో ఇచ్చిన లెక్కకు జవాబు ఉండితీరాలని వాడి నమ్మకం.

మన తరగతుల్లో "ఇది కూడికా, తీసివేతా మాస్టారూ?" అన్న ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది. 'మొత్తం' అంటే కూడాలి, 'మిగిలాయి' అంటే తీసివేయాలి అని కొందరు కొండగుర్తులు కూడా చెబుతారు. అయితే దీన్ని చూడండి: రాము 5 గోళీలు ఓడిపోయాడు, ఇంకా 8 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి? కొండగుర్తును నమ్ముకుంటే 3 వస్తుంది!

పెద్ద తరగతులకు వచ్చినా ఈ అలవాటు పోదు. 1,128 మంది సైనికులను తరలించాలి, బస్సుకు 36 మంది పడతారు, ఎన్ని బస్సులు కావాలి? అమెరికాలో 13 ఏళ్ళ పిల్లలను ఇలా అడిగిన పరీక్ష ఫలితాలు 1983లో వెలువడ్డాయి. నూటికి 70 మంది భాగహారం సరిగానే చేశారు. కాని 29 మంది "31, శేషం 12" అని రాశారు. 18 మంది 31 అన్నారు. 32 అన్నవాళ్ళు 23 మందే. ఆ శేషం 12 మందీ నడిచి వెళ్ళాలి కాబోలు!

బుడాపెస్టులో 1887లో పుట్టి, తర్వాత అమెరికాలో స్థిరపడిన జార్జి పోల్యా అనే గణితవేత్త 1945లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాశాడు. లెక్కను అర్థం చేసుకోవడం, దారి ఆలోచించడం, ఆ దారిన చేయడం, వెనుదిరిగి చూసుకోవడం: ఇవీ ఆయన చెప్పిన నాలుగు మెట్లు. మనం సాధారణంగా మూడో మెట్టు మీదికే దూకుతాం.

మొదటి మెట్టు ఎక్కించడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి, అంకెలు లేని లెక్క. సంతకు ఒకామె కొబ్బరికాయలు తెచ్చింది. కొన్ని అమ్మింది. ఎన్ని మిగిలాయో చెప్పాలంటే మీకు ఏమేమి తెలియాలి? కూడటానికి అంకెలే లేవు కనుక, పిల్లలు కథ గురించే మాట్లాడుకోవాలి. దీనికి సమయం పడుతుంది. పది లెక్కలు చేయించే పీరియడ్‌లో రెండే అవుతాయి. పాఠాలు పూర్తికావేమోనన్న మాస్టార్ల భయం ఉత్తదేమీ కాదు.

ఇక మీ వంతు.

రేవులో 30 మంది ఉన్నారు. పడవవాడు కాక ఒకసారికి 8 మంది ఎక్కవచ్చు. అందరినీ దాటించడానికి పడవ ఎన్నిసార్లు ఆవలికి వెళ్ళాలి?

రహీమ్ దగ్గర 12 గాలిపటాలున్నాయి. అవి గోపీ దగ్గర ఉన్నవాటికంటే 4 ఎక్కువ. గోపీ దగ్గర ఎన్ని?

బస్సులో 40 మంది ఉన్నారు. ఒక ఊళ్ళో 6 మంది దిగారు, కొందరు ఎక్కారు. ఇప్పుడు ఎంతమంది?

వీటిలో ఒకదానికి జవాబు లేదు. ఏదో నేను చెప్పను.