పక్షవాతానంతర నిస్సత్తువ: పేరు, స్వరూపం, నిర్వహణ

1. ప్రవేశిక
పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారిలో చేయి, కాలు, మాట ఎంతవరకు చక్కబడ్డాయో ఇంటివారికి కనిపిస్తుంది. కనిపించనిది అలసట. పక్షవాతానికి గురైనవారిలో సుమారు సగంమంది దీనితో బాధపడుతున్నట్లు అధ్యయనాల సమీక్షలు తెలుపుతున్నాయి. కొందరిలో ఇది ఏళ్ల తరబడి కొనసాగుతుంది. ఈ స్థితికి ఇంట్లో పెట్టే పేరే రోగికి అందే ఆదరణను నిర్ణయిస్తుందని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. వాడుకలోని మాటలు
‘నీరసం’ అనగానే బలమైన తిండి, టానిక్కు, సెలైన్ గుర్తుకు వస్తాయి. ‘బద్ధకం’ అంటే మందలింపు మొదలవుతుంది. ‘అలసట’ పని చేశాక కలిగేది, నిద్రతో తీరేది. పక్షవాతానంతర స్థితికి ఈ మూడూ సరిపోవు. ఇక్కడ స్నానం చేసి బట్టలు మార్చుకునేసరికే శక్తి అడుగంటవచ్చు. రాత్రంతా నిద్రపోయినా అది తిరిగి రాకపోవచ్చు. నలుగురు ఒకేసారి మాట్లాడేచోట కూర్చోవడం కూడా భారమవుతుంది. అందువల్ల ‘నిస్సత్తువ’ అనే వాడుక మాటను దీనికి ప్రత్యేకించడం సముచితం.

3. స్వరూపం
పక్షవాత తీవ్రతకు, నిస్సత్తువకు నేరుగా పొంతన లేదు. స్వల్పంగా వచ్చి పూర్తిగా కోలుకున్నట్లు కనిపించేవారిలోనూ ఇది ఉంటుంది. అపార్థాలకు మూలం ఇదే: “నడుస్తున్నాడు కదా, పనికెందుకు వెళ్లడు?” అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. మానసిక కుంగుబాటుతో దీనికి సంబంధం ఉన్నా, కుంగుబాటు లేనివారిలోనూ ఇది కనిపిస్తుంది. దీనిని అంచనా వేయడానికి 1989లో ప్రచురితమైన ఫెటీగ్ సివియారిటీ స్కేల్‌ను వాడుతున్నారు. అందులో 9 వాక్యాలుంటాయి. ఒక్కొక్కదానికి రోగి 1 నుంచి 7 వరకు అంకె ఇస్తాడు.

4. నిర్వహణ
రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలో శ్వాస ఆగడం, కుంగుబాటు, వాడుతున్న మందుల ప్రభావం - వీటిని వైద్యుడు ముందుగా పరిశీలించాలి. ఇవి చికిత్సకు లొంగేవి. నిస్సత్తువకే ప్రత్యేకంగా పనిచేస్తుందని గట్టిగా రుజువైన మందు ఇంకా లేదు. కాబట్టి శక్తిని పొదుపుగా వాడుకోవడమే ప్రధానం. ఏ పనికి ఎంత అలుపు వస్తున్నదో కొన్నాళ్లు రాసుకోవాలి. ముఖ్యమైన పనిని ఓపిక ఉన్న వేళకు పెట్టుకోవాలి. పూర్తిగా అలసిపోకముందే విశ్రమించాలి. బాగున్న రోజున పనులన్నీ ముగించబోతే మరునాడు మంచం దిగలేని పరిస్థితి రావచ్చు. అలాగని కదలకుండా ఉంటే కండరాల బలం తగ్గుతుంది. వైద్యుని సలహాతో నడకను కొద్దికొద్దిగా పెంచాలి. హఠాత్తుగా మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా దానిని నిస్సత్తువగా భావించరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

5. ముగింపు
ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతోపాటు నిస్సత్తువ గురించి కూడా రోగికి, కుటుంబానికి తెలుగులో చెప్పాలి. ఇది జబ్బులో భాగమని ముందే తెలిస్తే, మధ్యాహ్నం పడుకున్న మనిషి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఉండదు.