తన్నని పిస్తోలుతో తంటా

పిస్తోలు అనగానే మనకు సినిమా గుర్తొస్తుంది. కథానాయకుడు నడుము దగ్గర నుంచే పేలుస్తాడు, పదిమంది పడిపోతారు, ఆయన చెయ్యి మాత్రం ఆవగింజంతైనా కదలదు. నిజం పిస్తోలు అలా వుండదు. గుండు ముందుకు పోతుంటే పిస్తోలు వెనక్కి తంతుంది. గొట్టం మన మణికట్టు కన్నా ఎత్తున వుంటుంది గనక, ఆ తన్ను తిన్నగా వెనక్కి రాకుండా గొట్టం మూతిని పైకి లేపుతుంది. ఈ లేవడాన్ని అదుపులో పెట్టుకోవడం పిస్తోలు విద్యలో సగం అంటే అతిశయోక్తి కాదు.

వరిచేలూ వడ్లమిల్లులూ తప్ప మరోటి ఎరగని మా కంకిపాడులో ఈ గొడవ ఎందుకు వచ్చిందంటారా? మా అక్కయ్య కూతురు హైదరాబాదులో చదువుకుంటూ మూడేళ్ళుగా పిస్తోలు గురి నేర్చుకుంటున్నది. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో రైఫిలు పేల్చిన వాణ్ణి కావడం చేత మా బంధువర్గంలో ఈ సంగతులు కాస్తో కూస్తో తెలిసిన పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే. అందుచేత తన కష్టసుఖాలన్నీ ఈ మేనమామతోనే చెప్పుకుంటుంది.

ఆ పిల్లకు ఈ పిచ్చి పట్టించింది ఈషా సింగ్. ఈషా హైదరాబాదు అమ్మాయి. 2018లో, 13 ఏళ్ళ వయసులో, ఎయిర్ పిస్తోలులో జాతీయ ఛాంపియన్ అయింది. 25 మీటర్ల పిస్తోలు కూడా చేపట్టి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆ పోటీలో విడిగా వెండి పతకమూ, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు బంగారు పతకమూ తెచ్చింది. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్సుకు వెళ్ళింది. పేపర్లో చదువుతుంటే ఒక పిస్తోలు దింపి ఇంకో పిస్తోలు ఎత్తడమే కదా అనిపిస్తుంది. కాని ఆ రెంటికీ మధ్య చాలా దూరం వుంది.

ఎయిర్ పిస్తోలులో గాలి వొత్తిడికి అరగ్రాము సీసపు గుండు 10 మీటర్ల దూరం పోతుంది. తన్ను దాదాపు లేనట్టే. ట్రిగ్గరు మీద 500 గ్రాముల బరువు పడితే చాలు. 25 మీటర్ల పోటీలో .22 తూటా, గుండు సుమారు 2.6 గ్రాములు, వెనకాల మందు. ట్రిగ్గరు బరువు 1000 గ్రాములకు తగ్గకూడదు. రెండోభాగంలో చెయ్యి కిందికి దించి నిలబడాలి. 3 సెకన్ల పాటు గురి కనిపిస్తుంది. ఆ మూడు సెకన్లలోనే చెయ్యి ఎత్తి, గురి చూసి, పేల్చాలి. మళ్ళీ 7 సెకన్లు ఆగాలి. ఇదంతా వొక్క చేత్తోనే. రెండో చెయ్యి సాయం పట్టడానికి వీల్లేదు.

మా అమ్మాయి మొదటి ఏడాది క్లబ్బువారి పాత .22తో నేర్చుకున్నది. అది బాగానే తన్నేది. పోయిన వేసవిలో శిక్షకుడు కొత్తది చేతికిచ్చారు. దాని గొట్టం పైభాగాన, మూతి దగ్గర, వరుసగా చిన్న చిన్న రంధ్రాలు. గుండు ఆ రంధ్రాలు దాటగానే వెనక తరుముకొచ్చే వాయువుల్లో కొంతభాగం వాటిగుండా పైకి చిమ్ముతుంది. పైకి చిమ్మితే గొట్టం కిందికి నొక్కుకుంటుంది. లేచే మూతిని ఆ నొక్కుడు కొంత ఆపుతుంది. కాంపెన్‌సేటరు అనేదాని కిటుకంతా ఇంతే. ఎక్కువ మందు కాలితే ఎక్కువ వాయువు, ఎక్కువ ఫలితం. రెండు చేతులతో పట్టి పేల్చే మరో రకం పోటీల్లో, ఓపెన్ తరగతి వాళ్ళు బలమైన తూటాలు వాడి, గొట్టం చివర ఇంతేసి కాంపెన్‌సేటర్లు బిగిస్తారు. .22లో మందు కొంచెమే గనక లాభమూ కొంచెమే. మగవారి ర్యాపిడ్ ఫైర్‌లో 4 సెకన్లలో అయిదు గురులకు అయిదు గుళ్ళు కొట్టాలి. 2012 లండన్ ఒలింపిక్సులో విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చింది ఆ పోటీలోనే. అక్కడ ఆ కొంచెమైనా బంగారమే. గుండుకూ గుండుకూ మధ్య ఏడు సెకన్లుండే ఆడపిల్లల పోటీలో దీనివల్ల ఒరిగేది ముఖ్యంగా మనసుకు: తన్ను తగ్గితే బెదురు తగ్గుతుంది. లక్షలు పోసి కొనబోయే తల్లిదండ్రులు ఈ తేడా గమనించాలని నా మనవి.

సరే, తన్ను తగ్గింది కదా, మార్కులు పెరగాలి. తగ్గాయి! గుళ్ళన్నీ గురికి కిందుగా పడుతున్నాయి. "మావయ్యా, పిస్తోలు మంచిదే, నేనే పనికిరాను" అని ఫోనులో ఏడుపు. రాష్ట్ర పోటీలు ఆరు వారాల్లో వున్నాయి. ఈసారి తేలకపోతే బుద్ధిగా చదువు చూసుకోమని మా బావ అప్పటికే తీర్పు చెప్పేశాడు.

శిక్షకుడు ఒక పరీక్ష పెట్టారట. ఆమెకు తెలియకుండా మంచి తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా పెట్టి ఇచ్చారు. రెండు పేలాయి. మూడోది పేలలేదు గాని, మీట నొక్కిన క్షణంలో గొట్టం మూతి గభాలున కిందికి వంగింది. పాత పిస్తోలు తన్నబోతున్నదని తెలిసిన చెయ్యి, ఏడాదిపాటు ముందుగానే కిందికి నొక్కడం నేర్చేసుకున్నదన్నమాట! ఆ నొక్కుడూ పాత పిస్తోలు ఎగురుడూ ఎలాగో సరిపోయేవి. ఇప్పుడు ఎగురుడు తగ్గింది, నొక్కుడు మిగిలింది. కనిపించని తప్పును కొత్త పిస్తోలు బయటపెట్టింది.

ఇక చేతికి మళ్ళీ ఓనమాలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వుండే సందు పిడిమీద ఎంత పైకి పోతే అంత మంచిది. గొట్టానికి చెయ్యి దగ్గరయినకొద్దీ మూతి తక్కువ లేస్తుంది. నడిమి వేలూ ఉంగరపు వేలూ పిడిని తిన్నగా వెనక్కి, అరచేతిలోకి లాగాలి. చిటికెనవేలు వూరికే ఆనుకుంటుంది. బొటనవేలు నొక్కనే కూడదు. ఎంత బిగువు కావాలో తెలుసుకోవాలంటే చెయ్యి వణికేదాకా బిగించి, వణుకు ఆగేదాకా వదలాలి. అక్కడ ఆగాలి, ప్రతిసారీ అక్కడే ఆగాలి. కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తి, తెరిచి చూస్తే ముందు గురీ వెనక గురీ వొకే వరసలో వుండాలి. లేకపోతే తప్పు చేతిదైనా కావాలి, పిడిదైనా కావాలి.

తప్పు కొంత పిడిదే అని తేలింది. ఈ పిస్తోళ్ళకు అక్రోటు చెక్క పిడి వుంటుంది. చేతికి తగ్గట్టు చెక్కుకోవచ్చు. పిస్తోలుకు లైసెన్సు కావాలి, క్లబ్బు దాటి రాకూడదు. పిడి వుత్త చెక్కే గనక, ఊడదీసి పెట్టెలో పెట్టుకుని సెలవులకు కంకిపాడు తెచ్చింది. మా వీధి చివర వడ్రంగి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేం ఇస్త్రీ పెట్టె పిడండీ?" అన్నాడు. సంగతి తెలిశాక ఆకురాయి కిందపెట్టి పోలీసుల గురించి నాలుగు ప్రశ్నలు వేశాడు. నచ్చచెప్పాక, అమ్మాయి అరచేతికి సుద్ద పూయించి పిడి పట్టించాడు. సుద్ద అంటినచోట చెక్క ఒత్తుకుంటున్నట్టు, అంటనిచోట ఖాళీ. ఒత్తుకున్నచోట ఆకురాయితో గీకాడు, ఖాళీలో లప్పం నింపాడు, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాడు. మూడు సాయంకాలాలు పట్టింది.

"ఎంత బిగించి పట్టుకుంటావమ్మా?" అని అడిగాడు మధ్యలో. చూపించింది. "ఉలి నేనట్లా పట్టుకుంటే మధ్యాహ్నానికి చెయ్యి పడిపోద్ది" అని తన పనిలో పడ్డాడు.

పోయిన ఆదివారం ఫోను చేసింది. గుళ్ళు కిందికి పోవడం ఆగిందట. ఉత్తుత్తి తూటా పెట్టినా మూతి కదలడం లేదట. మార్కులు పాత పిస్తోలు నాటి లెక్కకు వచ్చాయి, అంతకన్నా పెరగలేదు. పోటీలకు ఇంకా పద్దెనిమిది రోజులు. మా బావ ఏమీ అనడం లేదు గాని, మార్కులు ఎన్నొచ్చాయని మా అక్కయ్య చేత అడిగిస్తున్నాడు.

పదహారేళ్ళ పిల్ల, చెయ్యి ఇంకా పెరుగుతుంది. దసరాకు పిడి మళ్ళీ తెమ్మని వడ్రంగి చెప్పాడు. మిగిలిన లప్పం డబ్బా మూత బిగించి మా ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు.