బొమ్మల అడవిలో మన జంతువులేవీ?
జిరాఫీని ఇట్టే గుర్తుపట్టే పిల్లలకు రేచుకుక్క పేరైనా తెలియదు

బొమ్మల దుకాణంలో అడవి జంతువుల పెట్టె కొంటే లోపల ఏమున్నాయో విప్పకుండానే చెప్పొచ్చు. సింహం, ఏనుగు, పులి, జిరాఫీ, జీబ్రా, నీటిగుర్రం. వీటిలో చివరి మూడూ ఆఫ్రికావి. మన అడవుల్లో తిరిగే మనుబోతు, రేచుకుక్క, దుమ్ములగొండి మాత్రం ఆ పెట్టెలో కనిపించడం చాలా అరుదు.

ఇవి ఊరూపేరూ లేని జంతువులేమీ కావు. పంటలు మేసే మనుబోతును 2015లో బీహార్‌లోని కొన్ని జిల్లాల్లో ఏడాదిపాటు హానికర జంతువుగా కేంద్రం ప్రకటించింది. రేచుకుక్కల గుంపు మీద కిప్లింగ్ 1895లోనే ఓ కథ రాశాడు. 2022 లెక్కల్లో మన దేశంలోని పులుల సంఖ్య సగటున 3,682గా తేలింది. ప్రపంచం మొత్తమ్మీద ఎదిగిన రేచుకుక్కలు 2,500 లోపేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య అంచనా. అంటే మన పులుల కంటే కూడా తక్కువే. అయినా పులికున్న గ్లామర్ దానికి లేదు.

బొమ్మల పెట్టెలో చోటు దొరక్కపోవడానికి అసలు కారణం అచ్చు. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు కావాలి. దాని ఖర్చు రాబట్టుకోవాలంటే బొమ్మ వేల సంఖ్యలో అమ్ముడుపోవాలి. అందుకే ఏ దేశంలోనైనా చెల్లుబాటయ్యే జంతువులకే తయారీదారులు మొగ్గు చూపుతారు. పైగా జిరాఫీకి మెడ, సింహానికి జూలు ఉన్నాయి. రేచుకుక్కను బొమ్మగా చేస్తే పిల్లలు నక్క అనుకునే ప్రమాదం ఉంది. ఇక మెలితిరిగిన కృష్ణజింక కొమ్ములు సన్నగా చేస్తే విరుగుతాయి, మొనదేలితే గుచ్చుకుంటాయి. 2021 జనవరి నుంచి బొమ్మలకు తప్పనిసరైన ఐఎస్ఐ ప్రమాణాల్లో మొనల పరీక్ష కూడా ఒకటి.

ఈ చిక్కులు కొండపల్లికి అంతగా వర్తించవు. అక్కడ అచ్చుతో పనిలేదు. తేలికైన పొణికి కర్రతో భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పది బొమ్మలే కావాలన్నా చేయొచ్చు. నమోదైన హస్తకళాకారులకు ఐఎస్ఐ నిబంధన నుంచి 2020లోనే మినహాయింపు లభించింది. పైగా వీటిలో ఎక్కువ భాగం బొమ్మల కొలువులో, అద్దాల బీరువాలో కొలువుదీరేవే కాబట్టి కొమ్ములు గుచ్చుకుంటాయన్న భయం తక్కువ.

అయితే కొండపల్లి అనగానే కొనేవాళ్లు అడిగేది దశావతారాలు, ఏనుగు అంబారీ, తాటిచెట్టు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. అంతరించే దశకు చేరిన బట్టమేక పిట్ట కోసం రోళ్లపాడులో అభయారణ్యమే ఏర్పాటుచేశారు. సంక్రాంతి కొలువులో రాముడి పక్కన ఈ రెండింటికీ ఓ మెట్టు దొరికితే, అవేమిటని అడిగే పిల్లలు కనీసం ఇంటికొకరు ఉంటారు. అడిగి కొనే పెద్దలే ముందుకు రావాలి.