తీగ లేని గిటార్!

మొన్నో రికార్డింగ్ థియేటర్లో పాట వింటున్నాను. గిటార్ భలేగా పలికింది. "ఎవరండీ వాయించింది?" అన్నాను. సౌండ్ ఇంజనీరు నవ్వి కంప్యూటర్ని చూపించారు. పక్కనున్న గిటారిస్టు మాత్రం నవ్వలేదు!

ఈ మాయకు దారి తీసిన చిట్కాల్లో ఒకటి 1983లో కెవిన్ కార్ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రకటించింది. గిటార్ అయిదో తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. మీటగానే ఆ కుదుపు రెండు కొసల మధ్యా పరుగులు తీస్తుంది. పై స్వరాలు ముందే ఆరిపోతాయి, అసలు స్వరం నిలుస్తుంది. వాళ్లు అంకెలతో అదే చేశారు. సెకనుకు 44,100 అంకెల ఇప్పటి లెక్కలో సుమారు 400 అంకెలు ఇష్టమొచ్చినట్టు తీసుకోండి. అది వట్టి రొద! దాన్నే గుండ్రంగా తిప్పుతూ, ప్రతి చుట్టులోనూ పక్కపక్క అంకెల సగటు తీయండి. అంతే... రొద కాస్తా తీగ నాదమై మెల్లగా ఆరిపోతుంది.

"మరి మీ సంగతేమిటి మాస్టారూ?" అన్నాను గిటారిస్టుతో. ఆయన మాట్లాడకుండా బ్రిడ్జి పక్కన మీటారు. తీగ ఖణేల్మంది. మధ్య రంధ్రం మీద మీటారు. అదే తీగ మెత్తబడింది.

నిజానికి మీటే చోటునీ లెక్కలో పెట్టొచ్చని అదే ఏడాది డేవిడ్ జాఫీ, జూలియస్ స్మిత్ చూపించారు. కానీ ఏ మాటకి ఎక్కడ మీటాలో తేల్చేందుకు ఓ మనిషి ఉండాలిగా! ఈసారి పాట వింటూ ఆ మనిషిని వెతకండి.