గట్టు కోయు నాగలి

పొలము గలవానికి గట్టు విలువ తెలియును. గట్టు తన పొలమునకు రక్ష. పొరుగువాని పొలమునకును రక్ష. దురాశాపరుడైన పొరుగువాడు ఒక్కనాడే అరయెకరము కలుపుకొనడు. ఏటికొక చాలు చొప్పున గట్టును కోసికొనుచు వచ్చును. పదియేండ్లు గడచునప్పటికి హద్దురాయి వాని పొలము నడుమ నిలిచియుండును. రాజ్యాంగములలో ప్రజల హక్కులకును ప్రభుత్వాధికారమునకును నడుమ నుండునదియు నట్టి గట్టే. దానిని కాచుకొనుటయు నట్టి పనియే.

హక్కులకు హద్దులుండరాదని యెవ్వరును వాదింపరు. వాక్స్వాతంత్ర్యము హత్యకు పురికొల్పు స్వాతంత్ర్యము కాదు. మన రాజ్యాంగమున 19వ అధికరణము స్వాతంత్ర్యముల నొక వైపున చెప్పుచు, వానికి విధింపదగిన పరిమితులను వెంటనే చెప్పినది. కాని ఆ పరిమితులు సమంజసములుగా నుండవలెననియు నందే యున్నది. సమంజసమగునో కాదో తేల్చునది న్యాయస్థానము. హక్కునకు హద్దు గీయుట యొకటి. హద్దు గీయు చేతికి హద్దు లేకుండుట వేరొకటి. మొదటిది ధర్మము. రెండవది నిరంకుశత్వము. ఈ భేదము ముందుజాగ్రత్త నిర్బంధ విషయమున తెలిసినంత స్పష్టముగా మరెచ్చటను తెలియదు.

శిక్ష జరిగిన నేరమును చూచును. ఈ నిర్బంధము జరుగబోవుననుకొన్న నేరమును చూచును. ఇందు నేరారోపణ లేదు, విచారణ లేదు, సాక్షులు లేరు. ఒక అధికారి మనసున కలిగిన నమ్మకమే చాలును. కంపెనీవారు 1818లో వంగరాష్ట్రమునకును, 1819లో మద్రాసు రాజధానికిని చేసిన రెగ్యులేషన్లు దీనికి మూలము. 1919లో రౌలట్ శాసనము వచ్చినపుడు దేశమెల్ల మండిపడినది. ఏప్రిల్ 6వ తేదీని హర్తాళము జరిగినది. 1942 ఉద్యమమున వేలకొలది జనులు విచారణ లేకయే చెఱసాలలలో మగ్గిరి.

అట్టి చెఱలనుండి వచ్చినవారే మన రాజ్యాంగమును వ్రాసిరి. వారే యీ నిర్బంధమున కందు చోటిచ్చిరి. వారిని తొందరపడి నిందింపరాదు. దేశవిభజన గాయము పచ్చిగా నుండెను; తెలంగాణమున సాయుధపోరాటము సాగుచుండెను. మన నెల్లూరు మండలమున పుట్టిన అల్లాడి కృష్ణస్వామయ్యగారు, న్యాయస్థానములకు హద్దులేని యధికార మిచ్చినచో సాంఘిక సంస్కరణ శాసనములు నిలువవని భయపడిరి. అందుచే 21వ అధికరణమున “శాసనము నిర్ణయించిన విధానము” అను మాటయే నిలిచినది. దాని లోటును కొంతైన పూడ్చుటకు 1949 సెప్టెంబరులో అంబేడ్కరుగారు ఇప్పటి 22వ అధికరణమును ప్రతిపాదించిరి. నిర్బంధితునకు కారణములు తెలుపవలెను. మొఱపెట్టుకొను నవకాశ మీయవలెను. మూడు నెలలు మించిన నిర్బంధమునకు సలహాసంఘపు సమ్మతి యుండవలెను. ఇవి గట్టు కట్టుటకు వేసిన మట్టిగడ్డలు. కాని ఆ గట్టుననే కంతలును మిగిలినవి. నిర్బంధితునకు వకీలును పెట్టుకొను హక్కు లేదు. ప్రజాశ్రేయస్సునకు భంగమని తోచిన సంగతులను అధికారి దాచవచ్చును.

1950 జనవరి 26న రాజ్యాంగ మమలులోనికి వచ్చినది. నెల దినములు గడచునంతలోనే నిర్బంధ శాసనము వచ్చినది. ఆంధ్ర మండలములు కూడ చేరియున్న మద్రాసు రాష్ట్రమున 1947 డిసెంబరు మొదలు నిర్బంధమున నున్న ఏ.కె. గోపాలన్‌గారు సుప్రీంకోర్టు తలుపు తట్టిరి. నిర్బంధ కారణములను న్యాయస్థానమునకు సైతము వెల్లడింపరాదను 14వ సెక్షనును ధర్మాసనము కొట్టివేసినది. కాని శాసనసభ చేసిన విధానము న్యాయమైనదా కాదా యని విచారించు పని తమది కాదని అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. ఫజల్ ఆలీగారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. విధానము న్యాయముగను, సమంజసముగను ఉండి తీరవలెనని సుప్రీంకోర్టు చెప్పుటకు 1978 వరకు, మేనకాగాంధీ వ్యాజ్యము వరకు, పట్టినది.

ఆ నడుమ గట్టు తెగిన దినములు వచ్చినవి. 1975 జూనులో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. నిర్బంధితులు హెబియస్ కార్పస్ దరఖాస్తులు పెట్టుకొనగా, 1976 ఏప్రిల్ 28వ తేదీని సుప్రీంకోర్టున అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు వారికి ఆ దారి మూసివేసిరి. ఒక అధికారి అక్రమముగా ప్రాణము తీసినను కోర్టునకు పోవు మార్గము లేదా యని ఖన్నాగారు విచారణలో నడుగగా, ఆ కాలమున లేదనియే ప్రభుత్వపక్షము చెప్పినది. ఖన్నాగా రొక్కరే ఎదురు తీర్పు వ్రాసిరి. ఆ తీర్పు తప్పని తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పునప్పటికి 2017 వచ్చినది. నలువదియొక్క యేండ్లు!

గట్టును మరల కట్టుటకు 1978లో పార్లమెంటు 44వ సవరణ చేసినది. అత్యవసర పరిస్థితిలో సైతము 20, 21 అధికరణముల హక్కులను నిలుపరాదని శాసించినది. అది అమలైనది. అదే సవరణలో మరొక భాగమున్నది. మూడు నెలల గడువును రెండు నెలలకు తగ్గించుట, సలహాసంఘమునకు పదవిలోనున్న హైకోర్టు న్యాయమూర్తినే అధ్యక్షునిగా నుంచుట. దాని నమలుపరచు తేదీని ప్రకటించు పని కేంద్రప్రభుత్వమునకు విడువబడినది. ఆ తేదీ నేటివరకు ప్రకటింపబడలేదు. ప్రభుత్వమును బలవంతపెట్టజాలమని 1981లో సుప్రీంకోర్టు చెప్పినది. తరువాత ప్రభుత్వములెన్ని మారినను, ఈ ఒక్క విషయమున అన్నియు ఏకాభిప్రాయముతో మౌనము వహించినవి. ఏ చేతిని కట్టవలెనో ఆ చేతికే త్రాడిచ్చినచో ఫలిత మింతకన్న వేఱుగా నుండునా?

ఇది ఢిల్లీ ముచ్చట మాత్రము కాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సారా వ్యాపారులు, బందిపోటులు, గూండాలు మున్నగువారిని నిర్బంధించుటకు ఒక శాసనము చేసినది. ఏడాది వరకు నిర్బంధింపవచ్చును. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట అచ్చటను అది నిలిచినది. 2022 ఏప్రిల్‌లోను, 2023 సెప్టెంబరులోను సుప్రీంకోర్టు ఆ రాష్ట్రపు నిర్బంధపుటుత్తర్వులను కొట్టివేయుచు, ఈ యధికారమును అలవోకగా వాడుటను తీవ్రముగా మందలించినది. సామాన్య నేరమునకు సామాన్య శాసనమున్నది. బెయిలు వచ్చినదన్న కోపము నిర్బంధమునకు కారణము కాజాలదు. రామ్ మనోహర్ లోహియాగారు 1965లో నిర్బంధింపబడినపుడు సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమిదియే. శాంతిభద్రత లొక పెద్ద వలయము. ప్రజాజీవనమునే కలచివేయు అలజడి దానిలోని చిన్న వలయము. రాజ్యభద్రత అన్నిటికన్న లోపలి వలయము. పెద్ద వలయములోని ప్రతి తగవును చిన్న వలయములోనికి లాగరాదు.

“గూండాను పట్టుకొన్న మనకేమి?” అని మన పెద్దమనుష్యులలో కొంద రనుచుందురు. అయ్యలారా! గూండా యని నిర్ణయించున దెవరు? ఆ నిర్ణయము తప్పైనచో దిద్దున దెవరు, ఎన్ని నెలలకు? ఉత్తర్వు కొట్టివేయబడునప్పటికి పలుమారు నెలలు గడచియే యుండును. ఆ నెలలను ఏ ధర్మాసనము తిరిగి యీయగలదు? అతని సేద్య మెవరు చూచిరి, అతని యిల్లెట్లు గడచినది? మన పొరుగువాని గట్టును కోయుచుండగా చూచి యూరకొన్న రైతు, నాగలి తన వైపునకు మరలినపుడు సాక్ష్యమునకు ఎవరిని పిలుచును?

నిర్బంధాధికారము పూర్తిగా తొలగవలెనని కొందరు, ఉండితీరవలెనని కొందరు వాదింతురు. ఆ వాదము సాగనిండు. అంతవరకైన 1978లో పార్లమెంటు తానే చేసిన సవరణ కొక తేదీ వేయవలెనని మన ప్రతినిధుల నడుగుదము. దానికి కొత్త శాసనము కావలసిన పని లేదు; ఒక్క ప్రకటన చాలును. హద్దురాయి చెక్కి సిద్ధముగా నున్నది. పాతువారే లేరు.